కరివేపాకుకు జోన్ల లెక్క చాలదు

అమెరికాలో తెలుగువాళ్ల ఇల్లు పోల్చుకోవడానికి తలుపు మీద పేరు చూడక్కర్లేదు. ఎండ తగిలే కిటికీ పక్కన కుండీలో కరివేపాకు కనిపిస్తే చాలు. న్యూజెర్సీలో ఆ కుండీ అక్టోబరుకల్లా ఇంట్లోకొస్తుంది, మే నెలలో మళ్లీ పెరట్లోకి వెళ్తుంది. చలి ఖాయమని తెలుసు కాబట్టి అక్కడ ఎవరూ ఏమరుపాటుగా ఉండరు. చిక్కంతా టెక్సస్ లాంటి చోట. చాలా శీతాకాలాలు అక్కడ తేలిగ్గానే గడిచిపోతాయి. ఆ ధీమాతో కరివేపాకును, నిమ్మను, మునగను నేలలోనే నాటేస్తారు.

2021 ఫిబ్రవరిలో ఆ ధీమా గడ్డకట్టుకుపోయింది. 16వ తేదీన డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. 1949 తర్వాత ఆ ప్రాంతంలో అంతటి చలి అదే. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్న కుండీలకు కూడా వెచ్చదనం కరవైంది. దక్షిణాన రియోగ్రాండ్ లోయలో నారింజ, గ్రేప్‌ఫ్రూట్ తోటలు దెబ్బతిన్నాయి.

మొక్కలు కొనేవాళ్లు ఎక్కువగా నమ్ముకునేది అమెరికా వ్యవసాయ శాఖ గీసిన 13 జోన్ల పటాన్ని. ఒక చోట ఏటా నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రతకు 30 ఏళ్ల సగటు కట్టి ఆ జోన్లను నిర్ణయిస్తారు. డాలస్‌ది ఎనిమిదో జోన్, అంటే మైనస్ 12 నుంచి మైనస్ 7 డిగ్రీలు. 2021లో వచ్చి పడింది ఆరో జోన్ చలి. 2023లో పటాన్ని సవరించినప్పుడు దేశంలో దాదాపు సగం ప్రాంతం అర జోను మేర వెచ్చని వైపు జరిగింది. అది చూసి కొత్త మొక్కలు నాటాలని ఎవరికైనా ఉబలాటం పుడుతుంది. అయితే ఆ సవరణకు తీసుకున్నవి 1991 నుంచి 2020 దాకా ఉన్న లెక్కలు. టెక్సస్‌ను వణికించిన ఆ ఫిబ్రవరి అందులో లేనే లేదు! ఉన్నా, ముప్పై ఏళ్ల సగటులో ఒక్క రాత్రి ఎక్కడ కనిపిస్తుంది? మొక్క ప్రాణం తీసేది మాత్రం ఆ ఒక్క రాత్రే.

అందుకే ఏ మొక్క నాటాలో పటాన్ని అడిగినా, దాన్ని ఎలా కాపాడాలో వాతావరణ శాఖ హెచ్చరికను బట్టి తేల్చుకోవాలి. మబ్బు, గాలి లేని రాత్రి నేలలోని వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. దుప్పటి కప్పేది ఆ వేడిని పట్టి ఉంచడానికే. అది నేల దాకా దిగాలి. మొక్క తలకు గుడ్డ చుట్టి మొదలు దగ్గర తాడు బిగిస్తే కింది వేడి లోపలికి అందదు. ప్లాస్టిక్ షీటు ఆకులకు తగిలితే తగిలినచోట ఆకు మాడుతుంది. దుప్పటి కింద పాతకాలపు ఫిలమెంటు బల్బు పెడితే కాస్త వెచ్చదనం ఉంటుంది, ఎల్‌ఈడీ దండలతో వెలుగే తప్ప వేడి ఉండదు. పొడి నేల కన్నా తడి నేల వేడిని ఎక్కువగా నిలుపుకుంటుంది. కాబట్టి గడ్డకట్టే రాత్రికి ముందే పాదుకు నీళ్లు పెట్టాలి.

ఇంట్లోని కుండీకి ఈ సూత్రం పనికిరాదు. చలికాలంలో ఎదుగుదల మందగించి కరివేపాకు ఆకులు రాలుస్తుంది. అది చూసి కంగారుపడి రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లిపోతుంది. పైమట్టి ఆరాకే పోయాలి, ఎరువు జోలికి పోకూడదు.

దుప్పటితో దక్కేది కొద్ది డిగ్రీలే. మైనస్ 19 లాంటి చలికి కొమ్మలను వదులుకుని మొదలును కాపాడుకోవడమే తెలివైన పని. మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా పోస్తే వేరు బతికే అవకాశం ఉంటుంది. పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చనుకుంటే అదీ అంత సులువు కాదు. కరివేపాకు నిమ్మ కుటుంబానిది. నిమ్మజాతి తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే పురుగుకు ఇది ఇష్టమైన ఆవాసం. టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఈ మొక్కల రవాణాపై ఆంక్షలున్నది అందుకే.

మంచు కరిగాక మాడిన కొమ్మలు చూసి వెంటనే కత్తెర పట్టేవాళ్లే ఎక్కువ. కొమ్మ ఎక్కడిదాకా చచ్చిందో అప్పుడే తెలియదు. పైగా అప్పుడు కత్తిరిస్తే వచ్చే లేత చిగుళ్లు మరో చలికి బలవుతాయి. వసంతం దాకా ఆగి గోటితో బెరడు గీకి చూడాలి. లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికినట్టే. పైనంతా గోధుమరంగే కనిపించినా మొక్కను పీకెయ్యక్కర్లేదు. కరివేపాకుకు వేరు నుంచి పిలకలు వేసే గుణం ఉంది, నేల బాగా వేడెక్కేదాకా దానికి గడువిస్తే సరి.