చీటీ కోసం తిప్పే స్క్రూ

పాత బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి మనవాళ్లు కనిపెట్టిన దగ్గరి దారి ఒకటుంది. బంకు పక్కన ఆగి ఉండే తనిఖీ వ్యాను దగ్గరికి వెళ్లేముందు మెకానిక్‌ను కలిసి "పాసయ్యేటట్టు చూడన్నా" అంటే చాలు. ఆయన స్క్రూడ్రైవర్ తీసి కార్బురేటర్‌లో పెట్రోలు పాలు కాస్త తగ్గిస్తాడు. చీటీ చేతికొస్తుంది. మర్నాటికి పికప్ పోయిందని, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతోందని మళ్లీ అతని దగ్గరికే వెళ్లి స్క్రూను మునుపటిలా తిప్పించుకుంటాం. చట్టానికి లోటు రాలేదు, మెకానిక్‌కు రెండుసార్లు కూలి గిట్టింది. గాలికి మాత్రం ఒరిగిందేమీ లేదు.

ఇదంతా చేతక్ స్కూటర్ల, మారుతి 800ల కాలం నాటి ముచ్చట అనుకోవద్దు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చేదాకా మామూలు జనం కొన్న బైకుల్లో ఎక్కువ భాగం కార్బురేటర్‌వే. స్ప్లెండర్‌కు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది కూడా అప్పుడే. పొద్దున్నే పాల క్యాన్లు మోసే బండ్లు, ఊళ్లలో చేతులు మారుతూ తిరిగే సెకండ్‌హ్యాండ్ బండ్లు ఇంకా ఈ లెక్కలోనే ఉన్నాయి.

వ్యాను దగ్గర జరిగేదేమిటి? బండి స్టార్ట్ చేసి, రేస్ ఇవ్వకుండా ఐడ్లింగ్‌లో ఉంచి, సైలెన్సర్‌లోకి గొట్టం దూరుస్తారు. రెండు అంకెలు వస్తాయి. ఒకటి కార్బన్ మోనాక్సైడ్ శాతం, రెండోది హైడ్రోకార్బన్ల పీపీఎం. 2000 మార్చి 31 వరకు తయారైన టూవీలర్లకు 4.5 శాతం, 9000 పీపీఎం దాటకూడదు. ఆ తర్వాత, బీఎస్-6కు ముందు వచ్చిన ఫోర్‌స్ట్రోక్ బండ్లకు 3.5 శాతం, 4500. బీఎస్-2కు ముందటి పెట్రోలు కార్లకు 3 శాతం, 1500. బీఎస్-4 రాకముందటి బండ్లన్నింటికీ ఈ చీటీ చెల్లేది ఆరు నెలలే. 2019లో చట్టాన్ని సవరించాక, చీటీ లేకుండా దొరికితే పదివేల దాకా జరిమానా వేయొచ్చు.

ఆ రెండు అంకెలు మన బండి రక్తపరీక్ష రిపోర్టు. వాటిని మనం చదవం, కింద పాస్ అని ఉందా లేదా అన్నదే చూస్తాం. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి తక్కువైతే సగం కాలిన పెట్రోలు కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. అసలు కాలకుండానే బయటపడ్డది హైడ్రోకార్బన్ల లెక్కలోకి వస్తుంది. రెండు అంకెలూ ఎక్కువుంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, చోక్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు, ఫ్లోట్ లెవెల్ తప్పి పెట్రోలు పొంగుతూ ఉండొచ్చు. మొదటిది తక్కువగా ఉండి రెండోదే ఎక్కువుంటే బండి మిస్సింగ్ కొడుతున్నట్టు. ప్లగ్గు పాడై ఉండాలి, వాల్వులు సరిగ్గా మూసుకోకపోయి ఉండాలి, లేదా స్క్రూ తిప్పీ తిప్పీ పెట్రోలు మరీ తగ్గించేసి ఉండాలి. టూస్ట్రోక్ బండయితే ఆయిల్ ఎక్కువ కలిపారేమో కూడా చూడాలి.

పని తెలిసిన మెకానిక్ ముందు ప్లగ్గు ఊడదీస్తాడు. దాని మొన ఇటుక రంగు కలిసిన గోధుమ వన్నెలో ఉంటే సరే. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే తక్కువ. తర్వాత ఎయిర్ ఫిల్టర్, పాయింట్లు ఉన్న బండికి వాటి గ్యాప్, ట్యాపెట్లు, చివర జెట్లు. ఇవన్నీ అయ్యాక ఇంజను బాగా వేడెక్కనిచ్చి అప్పుడు స్క్రూ జోలికి వెళతాడు. మెల్లగా లోపలికంటా తిప్పి, మొన దెబ్బతినకుండా ఆపి, కంపెనీ చెప్పినన్ని చుట్లు వెనక్కి వదులుతాడు. చాలా బండ్లకది ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్లు. అక్కడినుంచి పావు చుట్టు అటూ ఇటూ కదుపుతూ ఇంజను చప్పుడు ఎక్కడ నిలకడగా ఉందో వింటాడు. ఈ స్క్రూ అన్ని కార్బురేటర్లలో ఒకేలా పనిచేయదు. గాలి దారిలో ఉన్నదాన్ని వదులు చేస్తే పెట్రోలు పాలు తగ్గుతుంది, ఇంజను వైపు ఉన్నదాన్ని వదులు చేస్తే పెరుగుతుంది. తెలియకుండా తిప్పినవాడు రోగం ముదరబెడతాడు.

మరో సంగతి. ఆ స్క్రూ ఐడ్లింగ్‌ను, థ్రాటిల్ కొద్దిగా తెరిచినప్పటి నడకను మాత్రమే శాసిస్తుంది. రోడ్డు మీద వేగం అందుకున్నాక పెట్రోలు వచ్చేది నీడిల్, మెయిన్ జెట్ల దారిన. అవి అరిగిపోతే బండి దారంతా పెట్రోలు తాగి పొగ వదులుతుంది, అయినా వ్యాను దగ్గర నిలబడి దర్జాగా పాసవుతుంది. దీనికి ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తోడైంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కనుక మోనాక్సైడ్ అంకె దానంతటదే కొంత తగ్గుతుంది. ఇంజెక్షన్ బండ్లు ఆ తేడాను సెన్సర్‌తో కనిపెట్టి సర్దుకుంటాయి. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. దానిమీద స్క్రూతో పెట్రోలు ఇంకా తగ్గిస్తే ఇంజను వేడెక్కడం, మిస్సింగ్ కొట్టడం ఖాయం.

అయినా ఈ తనిఖీ దండగని నేననను. ఇంత తక్కువ ఖర్చుతో బండి లోపలి సంగతి చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. దాన్ని తూతూమంత్రం చేసింది మనం, రవాణా శాఖ కలిసి. అంకెలు హద్దు దాటితే కారణాలు ఏమై ఉంటాయో చీటీ వెనక తెలుగులో నాలుగు ముక్కలు అచ్చువేయడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. బాగుచేయించుకుని వచ్చినవాడికి రెండోసారి పరీక్ష ఉచితంగా చేస్తే దొడ్డిదారి వెతుక్కునేవాళ్లు తగ్గుతారు. ఫోర్‌వీలర్ల నుంచి టూవీలర్ల దాకా ట్యూనింగ్ చేసే పెద్ద షెడ్లకు గ్యాస్ ఎనలైజర్లు కొనుక్కోవడానికి రుణాలిస్తే, చెవితో చేస్తున్న పని అంకెతో చేస్తారు.

ప్రభుత్వం కదిలేదాకా ఆగక్కర్లేదు. ఈసారి సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు ఆ రెండు అంకెలూ రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత వచ్చేవాటితో పోల్చి చూడండి. మోనాక్సైడ్ పెరిగిందా, ముందు ఎయిర్ ఫిల్టర్ మార్చండి. దాని ఖరీదు ఆదా అయ్యే పెట్రోలులోనే తిరిగొస్తుంది.