జ్వరంలో మూత్రం డికాషన్ రంగులో వస్తే కామెర్లేనా?



వానలు మొదలైతే మన హాస్టళ్లలో గదికొకరు జ్వరంతో పడుకుంటారు. ఒళ్లు నొప్పులంటే "వైరల్ జ్వరమేలే, మూడ్రోజుల్లో పోద్ది" అంటారు. చాలామందికి పోతుంది కూడా. పోని ఆ కొద్దిమంది కోసమే మేం ఇది రాస్తున్నాం.

ఫ్లూ, డెంగీ, కోవిడ్ లాంటి వైరస్ జ్వరాల్లో అరుదుగా కండరాలు చితికిపోతాయి. డాక్టర్లు దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. కండరంలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. పొటాషియం పెరిగి గుండెకూ ప్రమాదమే. తొడలు, పిక్కలు ముట్టుకోనివ్వనంత నొప్పి, లేవలేనంత నీరసం, డికాషన్ రంగు మూత్రం దీని గుర్తులు. మూడూ అందరికీ కనపడవు, ఒక్కటున్నా ఆస్పత్రికి పోవాలి.

మన ఊళ్లలో ఆ రంగు చూస్తే కామెర్లని ఆకు పసరు పోస్తారు. పెద్దల వైద్యాన్ని మేం తక్కువ చేయట్లేదు. కానీ కామెర్లలో, మలేరియా ముదిరినప్పుడు, కండరాలు దెబ్బతిన్నప్పుడు కూడా మూత్రం ముదురు రంగులో రావచ్చు. కంటితో తేలదు, పరీక్ష కావాలి. రక్తంలో సీకే, క్రియాటినిన్ చూస్తారు. సీకే మామూలుగా సుమారు 200 లోపు ఉంటుంది, 1000 దాటితే ఈ జబ్బని అనుమానిస్తారు. తొందరగా సెలైన్ ఎక్కిస్తే కిడ్నీలు దక్కే అవకాశం ఎక్కువ. ఆలస్యమైతే డయాలసిస్ దాకా పోవచ్చు.

నొప్పుల సూది కూడా ఆలోచించాల్సిందే. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీల మీద భారం, డెంగీలో రక్తస్రావం భయం. డాక్టర్ చెప్పకుండా వేయించుకోవద్దు.

ఇంకో మాట. కానిస్టేబుల్ ఈవెంట్లకు ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు జ్వరంతోనే 1600 మీటర్లు ఉరుకుతున్నారు. జ్వరానికి పరుగు తోడైతే కండరాలకు రెండు దెబ్బలు. సికిల్‌సెల్ లక్షణం ఉన్నవాళ్లకు కఠిన శ్రమలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. మన ఆదివాసీల్లో అది ఎక్కువని అందరికీ తెలుసు, 2023 జూలైలో కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది కూడా. కార్డు తీసుకుని పెట్టెలో పెడితే లాభం లేదు, అందులో ఏముందో కోచ్‌కి, వార్డెన్‌కి తెలియాలి.

మేం అడిగేది పెద్దదేం కాదు. జ్వరమొచ్చిన పిల్లకి, పిల్లాడికి గ్రౌండు నుంచి సెలవు ఇవ్వండి. మూత్రం రంగు మారిందంటే రాత్రయినా 108 పిలవండి. ఏజెన్సీ ఏరియా ఆస్పత్రుల్లో సీకే పరీక్ష పెట్టండి. మూత్రం గురించి చెప్పడానికి సిగ్గుపడే తమ్ముళ్లని, చెల్లెళ్లని మనమే అడుగుదాం.

జై ఆదివాసీ.