టెలిస్కోపుకు కటకం కన్నా కాలే కీలకం

జలదంకి: నక్షత్రాలను ఫొటో తీయాలంటే చీకటి ఆకాశం కావాలి. దాని కింద కదలని టెలిస్కోపు ఉండాలి. మొదటిది నెల్లూరు జిల్లా పశ్చిమ మండలాలకు ప్రకృతి ఇచ్చిన వరం. మబ్బులేని అమావాస్య రాత్రుల్లో ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో పాలపుంతను నేటికీ కంటితోనే చూడవచ్చు. రెండోది మాత్రం కొన్నంత మాత్రాన సమకూరదు, పరీక్షించి నిర్ధారించుకోవలసిందే. పాఠశాలలైనా, కళాశాలలైనా, ఔత్సాహికులైనా కటకం సైజునే చూసి, దాన్ని మోసే పీఠాన్ని విస్మరిస్తే పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.

సెకనులో 19 పిక్సెళ్లు

భూభ్రమణం వల్ల నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల చొప్పున జరుగుతున్నట్లు కనిపిస్తాయి. డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను. కిలోమీటరు దూరంలో ఉన్న అర సెంటీమీటరు వస్తువు ఇంచుమించు అంతే కోణంలో కనిపిస్తుంది. వెయ్యి మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోపుకు 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న కెమెరా అమర్చితే ఒక్కో పిక్సెల్‌లో ఇమిడేది 0.78 ఆర్క్‌సెకనే. అంటే టెలిస్కోపు కదలకుండా నిలిచి ఉంటే నక్షత్రం సెకనులోనే 19 పిక్సెళ్లు దాటిపోతుంది. నిమిషాల తరబడి తీసే చిత్రంలో అది చుక్కగా కాక గీతగా మిగులుతుంది. అందుకే మోటారు సాయంతో ఆకాశంతోపాటు తిరిగే ఈక్వటోరియల్ పీఠం తప్పనిసరి.

నిజామియా చూపిన దారి

ఈ విద్య తెలుగు నేలకు కొత్త కాదు. ఆకాశాన్నంతటినీ ఫొటో పలకలపై నమోదు చేయాలని 1887లో పారిస్ సమావేశం సంకల్పించింది. అందులో హైదరాబాదు నిజామియా వేధశాలకూ వాటా దక్కింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన ఈ వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించింది. 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్ సాయంతో 7.63 లక్షలకు పైగా నక్షత్రాల వివరాలను అక్కడివారు నమోదు చేశారు. అవి 1917 నుంచి 1946 వరకు 12 సంపుటాలుగా వెలువడ్డాయి. కంప్యూటర్లు లేని ఆ కాలంలో కూడా ఇంతటి పని సాగిందంటే పరికరం స్థిరత్వం, పరిశీలకుల ఓర్పు రెండూ కారణమే.

ధ్రువతార 15 డిగ్రీల ఎత్తులోనే

జలదంకి సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. కనుక ఇక్కడ ధ్రువతార కూడా దిగంతానికి దాదాపు 15 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది. పీఠం ప్రధాన అక్షాన్ని అంతే వాలులో, ఇంచుమించు పడుకోబెట్టినట్లు అమర్చాలి. అప్పుడు భారమంతా ఉత్తరం వైపు వాలుతుంది. కొన్ని పీఠాల్లో ఎదురు బరువు కడ్డీ ముక్కాలిపీట కాలికి తగులుతుంది. చల్లని దేశాల అక్షాంశాలకు తయారైన కొన్ని పీఠాలు ఇంత కిందికి వంగనే వంగవు. తమిళనాడులోని కావలూరులో 1986లో ప్రారంభమైన 2.3 మీటర్ల వేణు బప్పు టెలిస్కోపుకు గుర్రపునాడా ఆకారపు పీఠాన్ని ఎంచుకోవడానికి తక్కువ అక్షాంశానికి అది అనువుగా ఉండటమూ కారణమే. ఆ శాస్త్రవేత్త తండ్రి నిజామియా వేధశాలలోనే పనిచేశారు.

పరీక్షలు ఇవీ..

కొనేముందే పీఠం 15 డిగ్రీలకు వంగుతుందో లేదో చూడాలి. నిలిపేటప్పుడు ఒక కాలు ఉత్తరం వైపు ఉండాలి. గొట్టాన్ని వేలితో తట్టి, నక్షత్ర బింబం ఎంతసేపు ఊగుతుందో లెక్కించాలి. ఒకటి రెండు సెకన్లలో కుదురుకుంటే మేలు. ఐదారు సెకన్లు ఊగితే ఆ పీఠం ఆ బరువుకు చాలదని అర్థం.

తర్వాతది దిశ పరీక్ష. ధ్రువతార కిందుగా ఉండటంతో వాతావరణ వక్రీభవనం దాన్ని 200కు పైగా ఆర్క్‌సెకన్లు పైకెత్తి చూపుతుంది. కాబట్టి దానినొక్కదానినే నమ్మరాదు. ఓరియన్ నడుములోని మూడు నక్షత్రాలు ఖమధ్య రేఖకు చేరువలో ఉంటాయి. అవి నడినెత్తి ప్రాంతానికి వచ్చినప్పుడు వాటిలో ఒకదాన్ని ఐదు నిమిషాలు గమనించాలి. అక్షం తూర్పుకో పడమరకో 300 ఆర్క్‌సెకన్లు తప్పితే నక్షత్రం ఉత్తర దక్షిణాలుగా సుమారు ఎనిమిది పిక్సెళ్లు జరుగుతుంది.

ఎండల ప్రభావమూ తక్కువ కాదు. మీటరు పొడవున్న అల్యూమినియం గొట్టం పది డిగ్రీలు చల్లబడితే దాదాపు పావు మిల్లీమీటరు కుంచించుకుపోతుంది. బింబం మసకబారడానికి అది చాలు. సాయంత్రమే టెలిస్కోపును ఆరుబయట ఉంచి, రాత్రి మధ్యలో నాభిని సరిచేస్తూ ఉండాలి. చివరగా ఒకే నిడివి గల ఫొటోలను తూర్పున, నడినెత్తిన, పడమటన తీసి, నాలుగు మూలల్లోనూ చుక్కలు గుండ్రంగా ఉన్నాయేమో చూడాలి. తప్పును సరిదిద్దే ఆటోగైడర్ నెమ్మదైన జరుగుబాటును అదుపు చేయగలదు గానీ గాలికి ఊగే పీఠాన్ని నిలపలేదు.

ఖర్చు ఎక్కడ పెట్టాలి?

ఇందుకు పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. నేలలో లోతుగా పునాది వేసి, గది గచ్చుకు తగలకుండా ఖాళీ వదిలి కాంక్రీటు దిమ్మె కడితే నడిచేవారి అడుగుల అదురు టెలిస్కోపుకు చేరదు. బడ్జెట్టులో ముందు పీఠానికి, దిమ్మెకు కేటాయించి, మిగిలిన దానితో కటకం కొనడమే వివేకం. చీకటిని కాపాడుకోవడమూ అంతే అవసరం. వీధి దీపాల వెలుగు పైకి చిమ్మకుండా కప్పులు పెట్టకపోతే, పరికరం ఎంత స్థిరంగా నిలిచినా అది చూసేందుకు నక్షత్రాలు మిగలవు.