పక్కింటి మాత్ర వద్దు

చక్కెర జబ్బు మాత్ర చేబదులు తెచ్చుకునే వస్తువు కాదు. హోసూరు, కృష్ణగిరి పల్లెల్లోని మన తెలుగిళ్లలో ఈ మాట గట్టిగా చెప్పాల్సిందే. "వదినా, నీకు బాగా పనిచేసింది కదా, నాకూ రెండియ్యి" అని మాత్రలు కొంగున ముడేసుకుపోవడం, పాత అట్టముక్క చూపించి మందులషాపులో అలాంటివే కొనుక్కోవడం మామూలైపోయింది. మాత్రలన్నీ ఒకటి కావు. గ్లిమిపిరైడ్ మింగి, చేలో పనుందని సంగటి తినకుండా పోతే చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, ఒళ్లంతా చెమటలు పడతాయి, ఒక్కోసారి స్పృహే తప్పుతుంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు మెట్‌ఫార్మిన్ పనికిరాదు. ఆ సంగతి రక్తపరీక్ష చెప్పాలిగానీ పక్కింటివాళ్లు చెప్పలేరు. పరగడుపున చక్కెర 126కు చేరినట్టు ఒకసారి తేలినా, లక్షణాలేమీ లేకపోతే డాక్టరు మరో పరీక్ష చేయించిగానీ జబ్బని ఖాయం చెయ్యరు. మనం మాత్రం ఎవరో చెప్పిన ఒక్క మాటకే మందు మొదలుపెడుతున్నాం. వైద్యం దూరమన్న సాకు మన జిల్లాలో చెల్లదు. బీపీ, చక్కెర రోగుల గుమ్మం ముందుకే మందులు తెచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న మొదలుపెట్టింది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముందు రక్తం చూపించుకోండి. వాడుతున్న మందుల అట్టలు, వేరే జబ్బుల చీటీలు వెంట పట్టుకెళ్లండి. ఇప్పటికే మాత్రలు వేసుకుంటున్నవాళ్లు సొంతంగా మానొద్దు, మోతాదు మార్చొద్దు. డాక్టరును అడగండి, ఆ తర్వాతే మాత్ర వేసుకోండి.