అరకు హోమ్‌స్టేకి సైబర్ బీమా కావాలా?

కావాలనే నా అభిప్రాయం. కానీ ఇప్పుడు ఏజెంట్లు అమ్ముతున్న పద్ధతిలో మాత్రం వద్దు.

అరకులో హోమ్‌స్టే నడిపేవాళ్ల ఆస్తి అంటే రెండు గదులు, నాలుగు టెంట్లు అనుకుంటాం. ఆ యజమాని ఫోన్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బుకింగులు అందులోనే, యూపీఐ అందులోనే, వచ్చిపోయిన టూరిస్టుల ఆధార్ ఫొటోలు కూడా వాట్సాప్‌లో అందులోనే. గది కాలితే బీమా ఉందా అని అడుగుతాం. ఫోన్ హ్యాక్ అయితే?

"ఈ కొండల్లోకి హ్యాకర్లు ఎందుకొస్తారు బ్రో" అనకండి. వాళ్లు ఊరు చూసి రారు, గడియ వేయని తలుపు చూసి వస్తారు. 2022 జనవరిలో హైదరాబాద్‌లో మహేష్ బ్యాంక్ సర్వర్లలోకి చొరబడి సుమారు 12 కోట్లు కొట్టేశారు. ఉద్యోగులకు పంపిన దొంగ ఈమెయిళ్లతోనే దారి దొరికిందని పోలీసులు తేల్చారు. 2024 జూలైలో సీ-ఎడ్జ్ అనే టెక్నాలజీ సంస్థ మీద ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగితే, దాని మీద ఆధారపడ్డ దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులకు అంతరాయం కలిగింది.

పైగా 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. డేటాకి తగిన రక్షణ ఇవ్వకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్లు. హోమ్‌స్టేకి అంత వేస్తారని కాదు, తీవ్రతను బట్టే వేస్తారు. కానీ కస్టమర్ ఆధార్ బయటికి పోయాక "నాకు తెలీదండీ" అంటే చెల్లదు.

సైబర్ లయబిలిటీ పాలసీలో సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఒకటి మన నష్టం: డేటా తిరిగి రాబట్టే ఖర్చు, వ్యాపారం ఆగిన రోజుల ఆదాయం. రెండోది మన వల్ల ఇతరులకు జరిగిన నష్టం: లాయర్ ఫీజు, పరిహారం. వినడానికి బాగానే ఉంది. అసలు కథ మినహాయింపుల పేజీలో ఉంటుంది. యజమాని మోసపోయి తన చేత్తోనే డబ్బు పంపేస్తే, చాలా పాలసీల్లో దానికి విడిగా కవర్ తీసుకోవాలి. చిన్న వ్యాపారికి ఎక్కువ భయం దాని గురించే కదా! బ్యాకప్ ఉందా, రెండంచెల లాగిన్ ఉందా అని ఫారంలో అడుగుతారు. ఏజెంట్ అన్నిటికీ "ఉంది" అని టిక్ పెట్టేస్తే, రేపు క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణమవుతుంది.

అందుకే నేను గ్రూప్ పాలసీ అంటాను. ప్రధానమంత్రి సురక్షా బీమా చూడండి: ఏడాదికి 20 రూపాయలకే 2 లక్షల ప్రమాద బీమా. కోట్ల మంది చేరారు కాబట్టే ఆ ధర సాధ్యమైంది. సైబర్ బీమా అంత చవగ్గా రాదు, నిజమే. కానీ హోమ్‌స్టేలు, కాఫీ స్టాళ్లు, పొదుపు సంఘాలు కలిసి బేరమాడితే ఒక్కొక్కరు విడిగా కొన్నదానికన్నా నయం. అరకు కాఫీని మార్కెట్‌కి తెచ్చిన గిరిజన సహకార సంస్థ లాంటిది ముందుండి నడపొచ్చు. షరతులు తెలుగులో ఉండాలి, ఆదివాసీ ఒరియాలో, కువిలో చదివి వినిపించాలి.

మరి మనమేం చేయాలి? ప్రతి బ్యాచ్ అరకు ట్రిప్ వేస్తుంది, బొంగులో చికెన్ తింటుంది, రీల్ పెడుతుంది. ఈసారి దిగిన చోట ఓ అరగంట కూర్చుందాం. వాట్సాప్‌కి రెండంచెల పిన్ పెట్టిద్దాం. చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ అడగమని చెబుదాం. మోసం జరిగిన వెంటనే ఫోన్ చేయాల్సిన 1930 నంబర్ గోడ మీద రాయిద్దాం. బీమా ఉన్నా లేకపోయినా ఈ మూడూ పనికొస్తాయి.