వైరు కొసకి ఫెర్రుల్ తొడగాలా?

రీల్స్‌లో చూసే ఉంటారు. నారింజ రంగు మీట ఎత్తడం, వైరు దూర్చడం, టక్కున మూసేయడం... జాయింట్ రెడీ! వాగో లాంటి ఈ లీవర్ కనెక్టర్లు ఆన్‌లైన్‌లో వెతికితే పక్కనే ఫెర్రుల్స్ డబ్బా, క్రింపింగ్ టూల్ కూడా కనిపిస్తాయి. దాంతో వచ్చే డౌట్: వైరుకి ఫెర్రుల్ తొడిగి కనెక్టర్‌లో పెడితే ఇంకా సేఫ్ కదా?

లీవర్ కనెక్టర్‌కి అయితే అక్కర్లేదు.

ఫెర్రుల్ అంటే వైరు కొసకి తొడిగి నొక్కే చిన్న రాగి గొట్టం. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి సన్నని పోగుల వైర్లు. ఎంసీబీలో స్క్రూ బిగిస్తే ఆ పోగులు పక్కకి విడిపోతాయి, కొన్ని తెగుతాయి కూడా. అక్కడ ఫెర్రుల్ ఉంటే పోగులన్నీ ఒక్క కట్టగా ఉంటాయి. లీవర్ కనెక్టర్‌లో స్క్రూయే లేదు. స్ప్రింగే వైరుని రాగి పట్టీకి అదిమి పెడుతుంది. వాగో 221 రకం పోగుల వైరుని నేరుగా పెట్టుకునేలా చేసిందే.

ఫెర్రుల్ పెడితే ఏమవుతుందంటారా? సరిగ్గా నొక్కితే ఏమీ కాదు. కానీ మధ్యలో ఇంకో జాయింట్ చేరినట్టే. దాన్ని కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తే వైరు లోపల వదులుగానే ఉండిపోవచ్చు. 2000 వాట్ల గీజర్ సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. వదులు జాయింట్ దగ్గర 0.1 ఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా చాలు, 8 వాట్ల వేడి పుడుతుంది. అదీ బఠాణీ గింజంత చోట! కరెంటు పెరగదు కాబట్టి ఎంసీబీ పడిపోదు. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చేదాకా మనకి తెలియదు.

మీట లేకుండా వైరుని నెట్టి పెట్టే కనెక్టర్లు ఇంకో రకం. వాటిలో చాలావరకు గట్టి తీగల కోసం చేసినవి. పోగుల వైరు దూరట్లేదని ఫెర్రుల్ తొడిగి నెట్టేయకండి. ప్యాకెట్ మీద ఒప్పుకుంటేనే పెట్టాలి.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్‌తో చెక్ చేయండి. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు దాకా పట్టే 221కి తొడుగు 11 మిల్లీమీటర్లు తీయాలి. ఎంత తీయాలో కొలత కనెక్టర్ పక్కనే ఉంటుంది. పోగుల్ని మెలిపెట్టకుండా తిన్నగా చివరిదాకా దూర్చి మీట మూయండి. ఒక్కో వైరునీ కాస్త లాగి చూడండి. బయట ఒక్క పోగు కూడా కనిపించకూడదు.

ఎంసీబీ దగ్గర ఫెర్రుల్ వాడాలంటే వైరు సైజుకి సరిపడేదే తీసుకోండి. 2.5 వైరుకి 4 సైజుది పనికిరాదు. నొక్కడం పూర్తయ్యేదాకా వదలని రాచెట్ రకం క్రింపింగ్ టూల్ వాడండి. గీజర్, ఏసీ లైన్ల జోలికి మాత్రం మీరు పోకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఫెర్రుల్ ఎక్కడ పెడుతున్నారో, దేంతో నొక్కుతున్నారో పక్కనే నిలబడి అడగండి!