పెన్ను పట్టుకుంటే రెండో చెయ్యి ఎందుకు ఆగాలి?

సీడాక్ చెన్నై కేంద్రంలో బాస్ లైనక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థను తీర్చిదిద్దుతున్న ఇంజనీర్లకు,

పళ్ళికొండ నుంచి రాస్తున్నాను. ఇక్కడా, గుడియాత్తంలోనూ, వేలూరు చుట్టుపక్కలా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఈ నేల మీద బతికేవాళ్ళకు తమిళం రావాల్సిందే. అయితే మా పిల్లల్లో చాలామందికి తెలుగు మాటే తప్ప రాత రాదు. ఆ రాతను బడి బయట నేర్పేవాళ్ళలో నేనొకదాన్ని. గ్రాఫిక్స్ టాబ్లెట్ మీద రాస్తుంటే పిల్లలు తమ ఇళ్ళలో తెర మీద చూసి దిద్దుకుంటారు.

‘లక్ష్మి’ అని రాసి, క్ష కింద మ ఒత్తు ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో చూపించాలంటే కుడిచేత్తో పెన్ను కదుపుతూనే ఎడమచేతి రెండు వేళ్ళతో ఆ చోటును పెద్దది చేయాలి. అది కుదరదు. పెన్ను టాబ్లెట్‌కు దగ్గరలో ఉన్నంతసేపూ వేళ్ళను డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పట్టించుకోదు. పెన్ను పక్కకు తీసి, ఆ చోటును పెద్దది చేసి, మళ్ళీ పెన్ను పెట్టేసరికి చేతి ఒరవడి తెగిపోతుంది. పిల్లలు చూడాల్సింది ఆ ఒరవడినే.

ఇది టాబ్లెట్ లోపం కాదు. పెన్నునూ వేళ్ళనూ రెండు వేర్వేరు సెన్సర్లు గుర్తిస్తాయి. వాకమ్ తరహా టాబ్లెట్లలో పెన్ను లోపలి తీగచుట్ట అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుంది. అందుకే పెన్ను ఉపరితలాన్ని తాకకముందే, కాస్త ఎత్తులో ఉండగానే దాని జాడ తెలుస్తుంది. వేళ్ళను గుర్తించేది కెపాసిటివ్ పొర. కెర్నెల్‌కు ఇవి రెండు పరికరాలుగానే కనిపిస్తాయి. సమాచారం రెండింటి నుంచీ వస్తూనే ఉంటుంది. వేళ్ళ సమాచారాన్ని ఆపేది సాఫ్ట్‌వేరే. లైనక్స్ వాకమ్ డ్రైవర్‌లో దీనికి ‘టచ్ ఆర్బిట్రేషన్’ అనే మీట ఉంది. మామూలుగా అది వేసే ఉంటుంది. దాని పైన, పెన్ను, టచ్ సంకేతాలను చూసుకునే లిబ్‌ఇన్‌పుట్ కూడా ఇలాంటి కాపలానే కాస్తుంది.

ఆ కాపలా ఎందుకు పెట్టారో నాకు తెలుసు. రాసేటప్పుడు అరచేయి టాబ్లెట్ మీద ఆనుతుంది. దాన్ని వేలి తాకిడిగా తీసుకుంటే పేజీ జారిపోతుంది, గీతలు పడతాయి. పైగా తెర మీద బాణం ఒక్కటే ఉన్న పద్ధతిలో పెన్ను ఒకవైపు, వేలు ఇంకోవైపు లాగితే ఆ బాణం ఎటూ నిలవదు. 2009లో బాంబూ పెన్ అండ్ టచ్ వంటి టాబ్లెట్లు వచ్చిన రోజుల్లో వేళ్ళ తాకిడినంతా ఆపేయడమే సులువైన దారి.

ఇప్పుడు ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. లైనక్స్‌లో తెరను నడిపే కొత్త పద్ధతి అయిన వేలాండ్‌లో టాబ్లెట్ పెన్నుకు వేరే ప్రోటోకాల్ ఉంది, దాని బాణం దానిదే. టచ్‌తో అది కలవదు. టచ్ పరికరం తనకు నమ్మకం లేని తాకిడిని ‘ఇది వేలు కాదు’ అని చెప్పే వీలు కూడా ఉంది. తెర ఉన్న టాబ్లెట్ల విషయంలో లిబ్‌ఇన్‌పుట్ ఇంకో అడుగు ముందుకు వేసింది. పెన్ను ఎటు వాలిందో చూసి, చెయ్యి ఆనే చోటును అంచనా వేసి, అంతమేరకే టచ్‌ను ఆపుతుంది. మిగతా భాగం వేళ్ళకు వదులుతుంది. తెర లేని, తక్కువ ధర టాబ్లెట్లకు మాత్రం ఆ సౌకర్యం లేదు. మా ఊళ్ళలో మాస్టర్లు, విద్యార్థులు కొనగలిగేవి అవే.

రాత ఒంటిచేతి పని కాదు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఈవ్ గియార్ 1987లో ఈ సంగతినే సిద్ధాంతంగా చెప్పారు: ఒక చేయి రాస్తుంటే రెండో చేయి కాగితాన్ని దానికి అనువుగా జరుపుతూ ఉంటుంది, రెండూ కలిస్తేనే పని నడుస్తుంది. 2010లో కెన్ హింక్లీ, బిల్ బక్స్‌టన్ తదితర మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఆ సూత్రాన్ని తెర మీదికి తెచ్చారు. పెన్ను రాయాలి, వేలు జరపాలి, రెండూ కలిస్తే కొత్త పనిముట్లు పుట్టాలి అన్నారు. గుడియాత్తం నేతగాడికి ఈ మాట కొత్త కాదు. ఒక చేయి తాడు లాగి నాడెను పంపుతుంటే రెండో చేయి పడిన పోగును ఒత్తుతుంది. అందులో ఒక చేతిని కట్టేస్తే మగ్గం ఆగిపోతుంది.

అందుకే మీకు నాలుగు విన్నపాలు.

మొదటిది, తెర లేని టాబ్లెట్లలో పెన్ను దగ్గరగా ఉన్నప్పుడు బాణాన్ని కదిపే ఒంటి వేలిని మాత్రమే ఆపండి. అరచేయి ఆనే చోటుకు దూరంగా పడిన రెండు వేళ్ళ జరుపును, జూమ్‌ను వదిలిపెట్టండి.

రెండోది, టచ్ ఆర్బిట్రేషన్ మీటను సెట్టింగుల్లో అందరికీ కనిపించేలా పెట్టండి. టెర్మినల్ తెరిచి, అడ్మిన్ హక్కులతో మార్చుకోమంటే మాస్టరుకు గానీ పిల్లవాడికి గానీ కుదిరే పని కాదు. దాని వివరణ తెలుగులోనూ తమిళంలోనూ ఉండాలి.

మూడోది, ఎడమచేత్తో రాసేవాళ్ళను మరవకండి. పెన్ను వాలు తెలియని టాబ్లెట్లలో ఏ చేత్తో రాస్తారో అడిగి తెలుసుకోండి.

నాలుగోది, మన లిపులతో పరీక్షించండి. తెలుగులో గుడి పైకి, ఒత్తు కిందికి పోతాయి. చెయ్యి ఒకే వరుసలో సాగదు, పైకీ కిందికీ కదులుతూనే ఉంటుంది. ఇంగ్లీషు సంతకంతో చేసిన పరీక్ష దీనికి చాలదు. చిన్నపిల్లల అరచేతులతోనూ పరీక్షించండి.

బాస్ డెబియన్ మీద కట్టినది. మీరు చేసిన సవరణను మాతృ ప్రాజెక్టులకు పంపితే అది బాస్ వాడేవాళ్ళ దగ్గరే ఆగదు, ప్రపంచంలో లైనక్స్‌తో వాడే ఇతర టాబ్లెట్లకూ చేరవచ్చు. భారతీయ భాషల కోసం ప్రజాధనంతో పుట్టిన వ్యవస్థ మీది. మన భాషలు కీబోర్డు మీద బతకడానికి మీరు ఎంతో శ్రమించారు. చేతిరాతకూ అంత శ్రద్ధే దక్కాలి. ఇంటి భాషను బడిలో చదవని పిల్లలకు ఆ లిపిని అందించే దారి చేతిరాతే. పరీక్షించడానికి మనుషులు కావాలంటే పిలవండి. మా పిల్లలు, నేను సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
పళ్ళికొండ, వేలూరు జిల్లా